ఆ రోజే తీసుకెళ్లి ఉంటే...

చావు జరిగిన ఇంట్లో పదిమంది చేరితే పది కారణాలు వినబడతాయి. "జ్వరం వచ్చిన రోజే పట్నం తీసుకెళ్లి ఉంటే బతికేవాడు." "ఆ ఇంజెక్షన్ చేయించకపోయి ఉంటే ఇంత జరిగేది కాదు." "అమావాస్య పూట ప్రయాణం వద్దంటే విన్నాడా?" కొంచెం ఎడంగా కూర్చున్న ఇద్దరు గొంతు తగ్గించి, ఆ ఏడాదే కాపురానికి వచ్చిన కోడలు అడుగుపెట్టిన వేళ గురించి మాట్లాడుకుంటారు. వచ్చినవాళ్లు అనాల్సింది అనేసి వెళ్లిపోతారు. ఆ 'ఉంటే'లు మాత్రం ఇంట్లోవాళ్ల దగ్గరే ఉండిపోతాయి. భార్యకు ఒకటి, పెద్దకొడుక్కి ఒకటి, కోడలికి ఒకటి. ఏళ్లు గడిచినా అవి కరగవు.

నా చదువంతా ఈ 'ఉంటే' గురించే. ఆరోగ్య పరిశోధనల్లో ఏది దేనికి కారణమో తేల్చే పద్ధతుల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. కాజల్ ఇన్ఫరెన్స్ అంటారు. ఫలానా మందు వేసుకున్నవాళ్లకు గుండెపోటు తక్కువగా వచ్చిందని రికార్డులు చెబితే, అది మందు మహిమా, ఆ మందు వేసుకునే మనుషుల మహిమా అని విడదీయడం మా పని. ఇంట్లో ఇంతకన్నా వివరంగా చెప్పను. చెబితే మా పెద్దమ్మ "దానికి ఇన్నేళ్లు చదవాలా?" అంటుంది. మందు వేశారు, తగ్గింది, ఇంకేం తేల్చాలి అన్నది ఆవిడ ఉద్దేశం. నిజానికి తేల్చాల్సిందంతా అక్కడే ఉంది.

జ్వరానికి మందు వేశాం, తగ్గింది. మందు వల్లే తగ్గిందని చెప్పాలంటే, అదే మనిషి, అదే రోజు, అదే జ్వరంతో మందు వేసుకోకుండా ఉంటే ఏమయ్యేదో కూడా చూడాలి. ఆ రెండోది ఎవరూ చూడలేరు. గణాంక శాస్త్రవేత్త జెర్జీ నెయ్‌మన్ 1923లో వ్యవసాయ ప్రయోగాల గురించి రాస్తూ, ఒక్కో మడికి ఒక్కో రకం విత్తనంతో ఒక్కో దిగుబడి ఉంటుందనీ, వాటిలో మన కంటపడేది ఒక్కటేననీ లెక్క కట్టాడు. డొనాల్డ్ రూబిన్ 1974లో ఆ ఆలోచనను ప్రయోగాల గట్టు దాటించి, మామూలుగా బతికే మనుషుల దాకా తెచ్చాడు. కార్యకారణ విచారణకు ఇదే మూల సమస్య అని 1986లో పాల్ హాలండ్ తేల్చి చెప్పాడు. సమాచారం చాలకపోవడం వల్ల వచ్చిన సమస్య కాదిది. ఎన్ని స్కానింగులు తీసినా, ఎన్ని కంప్యూటర్లు పెట్టినా, జరగని జీవితానికి రికార్డు ఉండదు. పట్నం తీసుకెళ్లి ఉంటే ఆయన బతికేవాడా అన్న ప్రశ్నకు ఆ ఒక్క మనిషి విషయంలో జవాబు లేదు. ఎవరి దగ్గరా లేదు.

ఒక్కరి విషయంలో దొరకని జవాబు వెయ్యిమంది విషయంలో దొరకవచ్చు. మా శాస్త్రానికి అదే ఆధారం. మందు వేసుకున్న వెయ్యిమంది పక్కన, అన్ని విధాలా వాళ్లలాంటివాళ్లే అయి మందు వేసుకోని వెయ్యిమందిని నిలబెడితే, మొదటివాళ్లు నడవని దారి ఎలా ఉండేదో రెండోవాళ్లు చూపిస్తారు. చిక్కంతా 'అన్ని విధాలా వాళ్లలాంటివాళ్లే' అన్న దగ్గరే ఉంది. లోకంలో మందులనూ అలవాట్లనూ ఎవరూ చీటీలు వేసి పంచరు. తీసుకునేవాళ్లు ఒక రకం, తీసుకోనివాళ్లు మరో రకం.

కాశీకి వెళ్లినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు అయిపోడని పాత నానుడి. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడే. కాశీ ఆయన్ను పండితుణ్ణి చేసిందా, అంతటి బుర్ర ఉన్నవాడు కాబట్టే కాశీ దాకా వెళ్లాడా అన్న అనుమానం ఆ నానుడిలో దాక్కుని ఉంది. ఫలితాలు రాగానే పేపర్ మొదటి పేజీ నిండా ర్యాంకుల ఫొటోలు వేయించే కార్పొరేట్ కాలేజీలనూ ఇదే అడగాలి: ర్యాంకు మీరిచ్చారా, ర్యాంకు వచ్చే పిల్లల్నే ఏరి చేర్చుకున్నారా? అన్నంభట్టు చదివిన న్యాయదర్శనంలో, కారణం అంటే ఏమిటో వివరించేచోట ఒక గాడిద వస్తుంది. కుండకు మట్టి, సారె, కుమ్మరి కారణాలు. మట్టి మోసుకొచ్చిన గాడిదా కుండకు ముందే అక్కడుంది, అయినా కారణాల్లో చేరదు. అది లేకపోయినా మట్టి మరోలా వచ్చేది, కుండ తయారయ్యేది. ముందు ఉండటం ఒక్కటే చాలదు, అది లేకపోతే పని ఆగేదా అన్నది చూడాలి. వైద్య పరిశోధనల్లో ఇలాంటి గాడిదలు చాలాసార్లు కుమ్మరి పీట మీదే కూర్చున్నాయి.

వాటిలో పెద్దది స్త్రీల ఆరోగ్యానికి సంబంధించింది. నెలసరి ఆగిపోయినవాళ్లకు హార్మోన్ మాత్రలు ఇస్తే గుండె జబ్బులు తగ్గుతాయని వైద్యలోకం చాలాకాలం నమ్మింది. ఆ నమ్మకం గాలిలోంచి పుట్టలేదు. అమెరికాలో 1976లో మొదలైన నర్సుల ఆరోగ్య అధ్యయనంలో లక్షమందికి పైగా నర్సులు ఏళ్ల తరబడి తమ వివరాలు రాసి పంపారు. హార్మోన్లు వాడుతున్నవాళ్లలో గుండె జబ్బులు స్పష్టంగా తక్కువ కనిపించాయి. తర్వాత విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ పేరుతో 16,608 మంది స్త్రీలను చీటీలు వేసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపిన మాత్ర, రెండోదానికి మందు లేని ఉత్త మాత్ర. ఎనిమిదిన్నరేళ్లు నడపాలనుకున్న ఆ పరీక్షను సగటున 5.2 ఏళ్ల దగ్గర, 2002 జూలైలో ఆపేశారు. మాత్ర వేసుకున్నవాళ్లలో రొమ్ము క్యాన్సర్, పక్షవాతం పెరిగాయి. గుండె జబ్బు తగ్గకపోగా 29 శాతం ఎక్కువైంది.

మరి నర్సులు అబద్ధం రాశారా? లేదు. మొదట అందరికీ తట్టిన అనుమానం: హార్మోన్లు వాడేవాళ్లు ఒంటి మీద శ్రద్ధ ఉన్నవాళ్లు, డాక్టరు దగ్గరకు వెళ్లే అలవాటున్నవాళ్లు. వాళ్ల గుండెల్ని ఆ శ్రద్ధే కాపాడి ఉండవచ్చు. రెండో సంగతి ఇంకా సూక్ష్మమైంది, నాకు ఈ శాస్త్రం మీద మోజు పుట్టించింది అదే. 'ఇప్పుడు వాడుతున్నవాళ్లు' అని లెక్క తీస్తే, మాత్ర మొదలుపెట్టిన కొత్తలోనే గుండెపోటు వచ్చి పోయినవాళ్లూ, భయపడి మానేసినవాళ్లూ ఆ లెక్కలోంచి జారిపోతారు. మిగిలేది తట్టుకున్నవాళ్లే. 2008లో పరిశోధకుడు మిగెల్ ఎర్నాన్, ఆయన సహచరులు ఆ నర్సుల సమాచారాన్నే మళ్లీ బయటికి తీశారు. ఇదే ఒక పరీక్ష అయి ఉంటే ఎలా నడిపేవాళ్లమో అలా, మాత్ర మొదలుపెట్టినప్పటి నుంచే ప్రతి స్త్రీనీ లెక్కలోకి తీసుకున్నారు. నెలసరి ఆగి ఎన్నేళ్లయింది, ఎంతకాలం గమనించారు అన్న తేడాలనూ సరిచూశారు. అప్పుడు రెండు అధ్యయనాలకూ పెద్దగా పేచీ మిగల్లేదు. అవే కాగితాలు, అవే అంకెలు. లెక్క ఎక్కడ మొదలుపెట్టాలన్నది మాత్రం మారింది. నా పని కూడా చాలావరకు ఇదే. ఆసుపత్రి రికార్డుల ముందు కూర్చుని ఒక్కో రోగికి కథ ఏ రోజు మొదలైందో వెతుకుతుంటాను. ఈ వెతుకులాట పైకి గుమాస్తా పనిలా ఉంటుంది, ఫలితం మొత్తం దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఇక మా మావయ్య. రోజూ సాయంత్రం ఒక పెగ్గు గుండెకు మంచిదని ఆయన ఎక్కడో చదివాడు. అక్కడితో చదువు ఆపేశాడు.

"అసలు తాగనివాళ్లకన్నా కొంచెం తాగేవాళ్లే ఎక్కువకాలం బతుకుతారని మీ లెక్కల్లోనే ఉందటగా అమ్మా?"

"ఉంది మావయ్యా. కానీ ఆ తాగనివాళ్లలో కాలేయం చెడిపోతే డాక్టరు తిట్టి మాన్పించినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల పక్కన నిలబెడితే ఎవరైనా పహిల్వానులాగే కనిపిస్తారు."

ఆయన ఒప్పుకోలేదు. చైనా కథ చెప్పాను. తూర్పు ఆసియాలో చాలామందికి పుట్టుకతోనే మద్యం పడదు. ఒక జన్యువులో చిన్న తేడా వల్ల కొంచెం తాగితేనే మొహం కందిపోతుంది, వికారం పుడుతుంది. కాబట్టి వాళ్లు తక్కువే తాగుతారు. ఆ జన్యువు ఎవరికి దక్కాలో వాళ్ల ఆస్తీ, చదువూ, ఆరోగ్యం నిర్ణయించవు. కడుపున పడ్డనాడే ప్రకృతి చీటీ తీసేసింది. ఐదు లక్షలమందిని ఏళ్ల తరబడి గమనిస్తున్న చైనా కదూరీ బయోబ్యాంక్ పరిశోధకులు 2019లో, తాగామని మనుషులు చెప్పినదాన్ని పక్కనబెట్టి, జన్యువులను బట్టి పోల్చారు. కొంచెం తాగితే పక్షవాతం తగ్గుతుందన్న మాట నిలవలేదు. మద్యం పెరిగినకొద్దీ ముప్పు పెరిగింది. అక్కడి ఆడవాళ్లు దాదాపు తాగరు. అవే జన్యువులున్నా వాళ్లలో ఆ తేడా కనబడలేదు. అంటే నేరం జన్యువుది కాదు, సీసాది. మావయ్య అంతా విని, "అది చైనావాళ్ల సంగతి కదమ్మా" అన్నాడు. ఒకచోట తేలింది మరోచోట ఎంతవరకు చెల్లుతుందన్నది మా శాస్త్రంలో పెద్ద అధ్యాయమే. ఆయన ఆ అధ్యాయాన్ని గ్లాసు కింద పెట్టకుండానే కనిపెట్టాడు.

రోగుల విషయంలో చీటీ వేయడమంటే మనుషులను అదృష్టానికి వదిలేయడమేనని చాలామందికి చిరాకు. మద్రాసు కథ తెలిస్తే ఆ చిరాకు తగ్గుతుంది. ఒకప్పుడు క్షయ అంటే మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం లాంటి శానిటోరియమే గుర్తొచ్చేది. మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండి. అక్కడ మంచం దొరికితే బతుకు దొరికినట్టు. దేశంలో ఉన్న రోగులకూ ఉన్న మంచాలకూ పొంతనే లేదు. మద్రాసులో 1956లో మొదలుపెట్టిన పరీక్షలో నగరంలోని పేద రోగులను చీటీ పద్ధతిలో విడదీసి కొందరిని శానిటోరియానికి పంపారు, మిగిలినవాళ్లను వాళ్ల ఇరుకు ఇళ్లలోనే ఉంచారు. మందులు రెండు గుంపులకూ అవే. తిండీ విశ్రాంతీ శానిటోరియంలో ఎంతో మెరుగు. 1959లో ఫలితాలు వెలువడేసరికి రెండు గుంపులూ దాదాపు సమానంగా కోలుకున్నాయి. నయం చేస్తున్నది మందే, మంచం కాదని తేలింది. డాక్టర్లు తమకు తోచినట్టు రోగులను విడదీసి ఉంటే, బాగా చిక్కిపోయినవాళ్లను జాలిపడి శానిటోరియానికే పంపేవాళ్లు. ఆ జాలి మంచిదే, కానీ పోలిక పాడైపోయేది. తర్వాత వచ్చిన కోట్లమంది పేద రోగులకు మంచం కోసం ఎదురుచూసే బాధను తప్పించింది ఆ చీటీయే.

అన్నిచోట్లా చీటీలు వేయలేం. అలాంటప్పుడు ప్రభుత్వ పథకాలు ఒక ఊరికి ముందు, ఇంకో ఊరికి వెనక రావడమే పరిశోధకులకు పనికొస్తుంది. 1987-90 మధ్య జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్ దగ్గరి 29 పల్లెల్లో ఇలాంటి అవకాశాన్నే వాడుకుంది. అంగన్‌వాడీల ద్వారా నడిచే ఐసీడీఎస్ పథకం ఒక ప్రాంతానికి వచ్చింది, పక్క ప్రాంతానికి ఇంకా రాలేదు. వచ్చిన 15 పల్లెల్లో గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్లలోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో ఉప్మా వండి పెట్టారు. మిగతా 14 పల్లెల్లో అది లేదు. రెండు చోట్ల పిల్లలూ 13-18 ఏళ్లవాళ్లయ్యాక 2003-05లో వాళ్లను వెతికి కొలిచారు. ఉప్మా అందిన పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడుగున్నారు. ఇన్సులిన్ పనితీరులో, రక్తనాళాల ఆరోగ్యంలో కూడా కొంత మెరుగు కనిపించింది. పథకం ఎక్కడ ముందు రావాలో చీటీ వేసి తేల్చలేదు కాబట్టి, ఆ రెండు ప్రాంతాలూ మిగతా అన్నింటా సమానమేనా అన్న అనుమానం ఉండాలి, ఉంది కూడా.

ఆ 14 మిల్లీమీటర్ల గురించి నేను చాలా ఆలోచించాను. ఏ తల్లీ తన కొడుకును గోడకు నిలబెట్టి, ఈ పైనున్న కాస్త ఎత్తూ అంగన్‌వాడీ ఉప్మా వల్లేనని చూపించలేదు. ఏ అంగన్‌వాడీ కార్యకర్తా ఫలానా కుర్రాణ్ణి నేనే పొడుగు చేశానని చెప్పుకోలేదు. ఒక్కో పిల్లాణ్ణి విడిగా చూస్తే ఆ మేలు ఎక్కడా లేదు. పల్లెలన్నిటినీ కలిపి చూస్తే ఉంది. ఒక్క ఇంట్లో ఎవరికీ కనబడని మేలు, పదిహేను ఊళ్ల మీద స్కేలు పెట్టి కొలవగలిగినంత నిజం.

మనం దీనికి సరిగ్గా తిరగేసి ఆలోచిస్తాం. ఒక్క మనిషి దగ్గర కారణం తేలదు, అక్కడే తేల్చేస్తాం. బిడ్డ తక్కువ బరువుతో పుడితే తల్లిని నిలబెట్టి ఏం తిన్నావు, ఏం తినలేదు, గ్రహణం రోజు బయటికి వచ్చావా అని అడుగుతాం. మామగారు పోతే కోడలి వేళను అడుగుతాం. షుగర్ వస్తే స్వీట్ల లెక్క అడుగుతాం. చదువుకున్నవాళ్లమేం తక్కువ తినలేదు. గ్రహణాన్ని మాత్రం వదిలేసి లైఫ్‌స్టైల్ అంటాం, వేలు చూపించే దిక్కు మాత్రం మారదు. అదే ఒక మండలంలో బిడ్డలందరూ తక్కువ బరువుతో పుడుతుంటే, ఒక ఊళ్లో కిడ్నీలన్నీ పోతుంటే, అక్కడ కారణం వెతకడానికి వీలుంది, పోల్చడానికి పక్క ఊరుంది, కొలవడానికి అంకెలున్నాయి. అక్కడికొచ్చేసరికి "వాళ్ల ఖర్మ", "ఆ నేలే అంత" అని నిట్టూరుస్తాం. తేలని చోట నేరం మోపుతాం, తేలే చోట విధి అంటాం.

కిడ్నీల మాట ఊరికే అనలేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కొబ్బరికీ జీడిమామిడికీ పేరు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో షుగరూ బీపీ లేని కష్టజీవులకు కూడా కిడ్నీలు పాడవుతున్నాయి. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోని వరి రైతులకూ, నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు కూలీలకూ ఇలాంటి జబ్బే వస్తోంది. భూగర్భ జలాల్లోని సిలికా, ఎండలో నీళ్లు లేకుండా చేసే చాకిరీ, పురుగుమందులు, నొప్పుల బిళ్లలు, వంశపారంపర్యం: అనుమానితులు చాలామంది, దోషి తేలలేదు. కారణాలు ఒకదానితో ఒకటి పెనవేసుకుపోయాయి. ఎండలో పనిచేసేవాడే బోరునీళ్లు తాగుతాడు, వాడికే ఒళ్లునొప్పులు, వాడే నొప్పి బిళ్లలు మింగుతాడు. అందులో ఏది కుమ్మరో ఏది గాడిదో తీసిచూపడం కష్టం.

అలాగని దోషి దొరికేదాకా చేతులు ముడుచుకోనక్కర్లేదు. 1854లో కలరా ప్రబలినప్పుడు దక్షిణ లండన్ వీధుల్లో రెండు నీళ్ల కంపెనీల గొట్టాలు పక్కపక్కనే ఉండేవి. ఒక కంపెనీ మురుగు కలిసిన చోట థేమ్స్ నీళ్లు తోడేది, రెండోది అంతకు రెండేళ్ల ముందే నదికి ఎగువకు మారింది. ఒకే వీధి, ఒకే గాలి, ఒకే రకం జనం. జాన్ స్నో అనే డాక్టరు ఇల్లిల్లూ తిరిగి, ఏ ఇంటికి ఎవరి నీళ్లో రాసుకున్నాడు. మొదటి కంపెనీ నీళ్లు వాడిన ప్రతి పదివేల ఇళ్లకు 315 కలరా చావులు, రెండోదానికి 37. కలరాకు కారణం ఫలానా క్రిమి అని రాబర్ట్ కాక్ తేల్చింది ఆ తర్వాత 30 ఏళ్లకు, కలకత్తాలో. క్రిమి పేరు తెలియకముందే నీళ్లు మార్చాలని తెలిసిపోయింది.

ఉద్దానానికీ 2023 డిసెంబరులో హిరమండలం రిజర్వాయరు నుంచి మంచినీటి పథకం వచ్చింది, పలాసలో కిడ్నీ ఆసుపత్రి వచ్చింది. ఇక్కడే మాలాంటివాళ్లకు అసలు పని. ఆసుపత్రి దగ్గరకొస్తే పరీక్షలు పెరుగుతాయి, పరీక్షలు పెరిగితే జబ్బు పెరిగినట్టు కనిపిస్తుంది. పడుచువాళ్లు పనుల కోసం వలస వెళ్లిపోతే జబ్బు తగ్గినట్టు కనిపిస్తుంది. రెండూ భ్రమ కావచ్చు. ఏ ఊరికి కుళాయి ఎప్పుడు వచ్చింది, ఎవరు ఆ నీళ్లే తాగుతున్నారు, ఎవరు ఇంకా బోరు దగ్గరే ఉన్నారు, అంతకుముందు వాళ్ల రక్తంలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంత: ఇవి ఏటేటా రాసిపెట్టి ఉంటేనే, ఇంకో పదేళ్లకు ఎవరైనా నిజాయితీగా పోల్చగలరు. ఆ రాసిపెట్టడం ఎవరికీ పేరు తెచ్చే పని కాదు, రిబ్బన్ కత్తిరించడానికి అందులో ఏమీ ఉండదు.

కిడ్నీ పోయినవాణ్ణి "నీళ్లు సరిగ్గా తాగావా? ఆ బిళ్లలు ఎందుకు మింగావు?" అని అడగడం తేలిక. వాడి దగ్గర జవాబు లేదు, ఉండే వీలూ లేదు. ఇన్నేళ్లుగా ఊళ్లో ఎవరి రక్తంలో ఏముందో రాసిపెట్టారా అని అడిగితే మాత్రం సమాధానం ఉండి తీరాలి. లేకపోతే, అందుకు కారణం ఎవరో కనిపెట్టడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు.